పిల్లల మనసు పట్టించుకునేదెవరు?

పిల్లవాడికి జ్వరం వస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పరుగెత్తుతాం. అదే పిల్లవాడు ఎనిమిదేళ్లొచ్చినా పక్క తడుపుతుంటే, బడికి బయల్దేరే వేళకు రోజూ కడుపునొప్పి అంటుంటే, ఐదో తరగతికి వచ్చినా అక్షరాలు తారుమారు చేస్తుంటే ఎవరికి చూపించాలో మనలో చాలామందికి తెలియదు. కొందరు కొడతారు. కొందరు తాయెత్తు కట్టిస్తారు. మరికొందరు వీడికి చదువు అబ్బదని బడి మాన్పించి గొడ్ల వెంట పంపుతారు. ఇది బిడ్డ మీద ప్రేమ లేక కాదు, చూపించుకునే చోటు తెలియక.

ఇలాంటి పిల్లలను పరీక్షించి దారి చూపేందుకు శిక్షణ పొందినవారే క్లినికల్ సైకాలజిస్టులు. వీరు మందులు రాయరు, సూదులు వేయరు. మందులు అవసరమైతే మానసిక వైద్యుల వద్దకు పంపుతారు. ముందుగా చెముడు, చూపు లోపం, మూర్ఛ వంటివి లేవని డాక్టరు చేత నిర్ధారణ చేయిస్తారు. తరువాత తల్లిని, తండ్రిని, పంతులుగారిని విడివిడిగా అడుగుతారు. పిల్లవాడిని ఆడిస్తూ, బొమ్మలు గీయిస్తూ, చెక్క ముక్కలను వాటి వాటి గుంటల్లో అమర్చమంటూ తెలివిని, వయసుకు తగిన ఎదుగుదలను అంచనా వేస్తారు. ఆ పైన వారాల తరబడి బిడ్డతోను, తల్లిదండ్రులతోను మాట్లాడి అలవాట్లను సరిదిద్దుతారు. ఒక్క పూటలో తేలే పని కాదిది.

ఇది నిన్న మొన్నటి విద్య కూడా కాదు. 1896లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో లైట్నర్ విట్మర్ తొలి సైకాలజీ క్లినిక్ ప్రారంభించినప్పుడు మొదటగా వచ్చిన కేసు, మాటలను తప్పుల్లేకుండా రాయలేని ఒక 14 ఏళ్ల కుర్రవాడిది. తీసుకువచ్చింది వాడి ఉపాధ్యాయురాలే. మన దేశంలో 1937లోనే బొంబాయిలో, టాటాల సాంఘిక సేవా విద్యాలయం ఆధ్వర్యంలో పిల్లల మార్గదర్శక క్లినిక్ వెలసింది. నగరాలకు అంతకాలం క్రితమే చేరిన సేవ పల్లెలకు నేటికీ సరిగా చేరకపోవడం శోచనీయం.

అవసరం చిన్నదేమీ కాదు. 2015-16లో బెంగుళూరు నిమ్‌హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో, 13 నుంచి 17 ఏళ్లలోపు వారిలో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలింది. ఆ పన్నెండింటిలో తెలుగు రాష్ట్రాలు లేవు. అంతమాత్రాన మన పిల్లలకు ఆ బాధలు లేవనుకోవడం ఆత్మవంచనే.

చట్టాలకు, పథకాలకు కొరత లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం చదవడం, రాయడంలో ఉండే ప్రత్యేక ఇబ్బందిని కూడా వైకల్యంగా గుర్తించింది. పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లకు ధ్రువపత్రం కావాలి. నిపుణుల పరీక్ష లేనిదే ఆ పత్రం రాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద, అంగన్‌వాడీల్లో, బడుల్లో గుర్తించిన పిల్లలను చూసేందుకు జిల్లా సత్వర చికిత్స కేంద్రాలను ఉద్దేశించారు. వాటిలో సైకాలజిస్టు ఉండాలని ఆ పథకం మార్గదర్శకాలే చెబుతున్నాయి. కాగితం మీది పోస్టు బిడ్డతో మాట్లాడదు. అందులో మనిషి ఉండాలి.

ఆ మనిషి మన మాట తెలిసిన మనిషై ఉండాలి. శ్రీకాకుళం పిల్లవాడి పలుకు వేరు, పాలమూరు పిల్లవాడి పలుకు వేరు. ఇంట్లో లంబాడీ మాట్లాడే తండా పిల్లను పుస్తకాల తెలుగులో ప్రశ్నించి, జవాబు రాలేదని మందబుద్ధి ముద్ర వేస్తే ఆ బిడ్డ బతుకే పాడవుతుంది. అందుకే పల్లె బిడ్డలే ఈ వృత్తిలోకి రావాలి.

ఇందుకు డాక్టరు చదువు అక్కరలేదు. డిగ్రీలో సైకాలజీ, ఆపైన అందులోనే పి.జి. చదవాలి. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ శాఖలున్నాయి. అయితే పి.జి. ఒక్కటే చాలదు. ఆసుపత్రిలో శిక్షణతో కూడిన క్లినికల్ కోర్సు పూర్తి చేసి, భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేయించుకోవాలి. ఈ కోర్సుల స్వరూపం ఇప్పుడు మారుతున్నందున, చేరేముందు మండలి గుర్తింపు ఉందో లేదో తప్పక చూసుకోవాలి. సీట్లు తక్కువ, చదువు దీర్ఘం. ప్రభుత్వం ఉపకార వేతనాలిచ్చి ప్రోత్సహిస్తే తప్ప పేదింటి పిల్లలు అంతదూరం రాలేరు.

తల్లిదండ్రులకూ ఒక మాట. బోర్డు కట్టిన ప్రతివారూ నిపుణులు కారు. మండలి నమోదు ఉందా అని నిస్సంకోచంగా అడగండి. ఎదిగిన బిడ్డ తిండీ నిద్రా మాని, నేను లేకపోతే బాగుండునంటే దాన్ని బెదిరింపుగా కొట్టిపారేయకండి. ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా సలహా లభిస్తుంది.

సత్వర చికిత్స కేంద్రంలో సైకాలజిస్టు పోస్టు ఖాళీగా ఉంటే వెంటనే భర్తీ చేయాలి. ఆ నిపుణులు నెలకొకసారైనా మండల కేంద్రానికి వచ్చేలా జిల్లా అధికారులు ఏర్పాటు చేయాలి. కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని జిల్లా కేంద్రానికి పదేపదే తిరగగల తల్లులు ఎందరున్నారు?