రాత్రి డ్యూటీ కోడలు

కోడలు డాక్టరని పదిమందికీ చెప్పుకోవడం బాగానే ఉంటుంది. ఆ కోడలే రాత్రి డ్యూటీ చేసి వచ్చి పట్టపగలు తలుపు మూసుకుని పడుకుంటే, ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని మొహం ముడుచుకునే అత్తగార్లు ఇంకా ఉన్నారు.

పెద్దాసుపత్రుల్లో చదువుకుంటూ పనిచేసే రెసిడెంటు డాక్టర్లకు మామూలుగా వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలు మించి పని ఉండరాదని కేంద్రప్రభుత్వం 1992లోనే చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ వేసిన నిపుణుల బృందం 74 గంటలు దాటనివ్వవద్దని సలహా ఇచ్చింది. 32 ఏళ్ళలో అంకె ఎటు నడిచిందో చూశారా! ఆ సలహా అయినా అమలైతే అదృష్టమే.

పగటి నిద్ర రాత్రి నిద్రకు సాటిరాదు. వెలుతురూ చప్పుడూ కన్ను మూతపడనివ్వవు. ఒంట్లోని గడియారం లేవమంటూనే ఉంటుంది. అలాంటి నిద్రలోంచి గంటకోసారి "అమ్మాయీ, గ్యాసు వాడొచ్చాడు" అంటూ లేపుతారా? ఆ రాత్రి మందు మోతాదు లెక్కకట్టవలసింది ఆ కళ్ళేనాయె! కిటికీకి మందపాటి తెర వేయించండి. కాలింగ్ బెల్లు కట్టేయండి. పిల్లవాణ్ణి బడినుంచి తీసుకురావడమంటారా, అది రాత్రంతా హాయిగా నిద్రపోయిన అబ్బాయిగారి వంతు.