బిగుతు మేజోళ్ళు: ఎవరికి మేలు, ఎవరికి కీడు

ఈ మధ్య నన్ను సలహా అడిగే పెద్దవారిలో చాలామంది ఒకే ప్రశ్నతో వస్తున్నారు. "డాక్టరు గారూ, మా అబ్బాయి అమెరికా నుంచి రక్తప్రసరణ సాక్సులు పంపించాడు, వేసుకోవచ్చునా?" అని. కొందరు అడగకుండానే వేసుకుని నెల తర్వాత వస్తున్నారు. ఇంటర్నెట్ దుకాణాల్లో వీటి ధర కొన్ని వందల రూపాయల నుంచి కొన్ని వేల వరకు ఉంది. ధర ఎంతైనా ప్రకటనల్లో మాటలు మాత్రం ఒక్కటే: కాళ్ళ వాపు తగ్గుతుంది, తిమ్మిర్లు పోతాయి, రక్తప్రసరణ పెరుగుతుంది, షుగరు ఉన్నవారికి ఎంతో మంచిది. వీటిలో మొదటిది కొందరి విషయంలో నిజం. రెండవది చాలామందికి నిరాశే మిగులుస్తుంది. మూడవది తప్పుదోవ పట్టించే మాట. నాలుగవది కాలు పోగొట్టగల మాట.

నా అభిప్రాయం ముందే చెబుతాను. విమాన ప్రయాణాలకు వాడే తక్కువ బిగుతు మేజోళ్ళను పక్కన పెడితే, మిగిలినవి దుస్తులు కావు, వైద్యం. మాత్రకు మోతాదు ఉన్నట్లే వీటికి ఒత్తిడి అనే మోతాదు ఉంది. ఒక మందు కొందరికి పడనట్లే ఇవీ కొందరికి పడవు. రోగ నిర్ణయం లేకుండా, కాలి కొలత తీయకుండా వీటిని కొనడం, అమ్మడం రెండూ ఆగాలి. ఇదొక పార్శ్వం. రెండవ పార్శ్వం ఇంకా బాధాకరమైనది. వీటితో నిజంగా మేలు పొందవలసినవారు, ముఖ్యంగా మన పల్లెల్లోని బోదకాలు రోగులు, చాలావరకు వీటి పేరే వినలేదు.

ఇవి ఎలా పనిచేస్తాయో తెలిస్తే మిగతాది అర్థం చేసుకోవడం తేలిక. మనిషి నిలబడినప్పుడు చీలమండ దగ్గరి సిరల్లో ఒత్తిడి సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. గుండె నుంచి పాదం వరకు నిలిచిన రక్తపు బరువే అది. నడిచేటప్పుడు పిక్క కండరాలు బిగిసి సిరలను పిండుతాయి. సిరల్లోని చిన్న కవాటాలు పైకెక్కిన రక్తాన్ని కిందికి జారనివ్వవు. అందువల్ల ఆరోగ్యవంతుల్లో కొన్ని అడుగులు వేసేసరికి ఆ ఒత్తిడి మూడో వంతుకు పడిపోతుంది. పిక్కను రెండవ గుండె అనడం ఇందుకే. కవాటాలు చెడిపోయినా, పిక్క కదలకపోయినా ఒత్తిడి తగ్గదు. రక్తంలోని నీరు సన్నని నాళాల నుంచి చుట్టూ ఉన్న కణజాలంలోకి ఊరుతుంది. ఉదయం వదులుగా ఉన్న చెప్పు సాయంత్రానికి బిగుతవుతుంది.

కాన్రాడ్ జాబ్స్ట్ అనే ఇంజనీరు కాళ్ళ సిరల జబ్బుతో బాధపడుతూ, ఈతకొలనులో నిలబడినప్పుడు తనకు హాయిగా ఉండటం గమనించాడు. లోతు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి పాదం దగ్గర ఎక్కువగా, పైకి వచ్చేకొద్దీ తక్కువగా కాలిని నీరు అదుముతుంది. అదే పనిని బట్టతో చేయించాలని అతను 1950 ప్రాంతంలో తయారుచేసినదే నేటి క్రమానుగత బిగుతు మేజోడు. చీలమండ దగ్గర బిగుతు ఎక్కువ, మోకాలి వైపు తక్కువ. ఈ క్రమం లేకుండా అంతటా ఒకేలా బిగిసేది, లేదా పైఅంచు దగ్గర ఎక్కువగా బిగిసేది, మేలు చేయకపోగా కాలికి కట్టిన తాడులా పనిచేస్తుంది.

ఒత్తిడిని డబ్బా మీద అంకెల్లో ముద్రిస్తారు. 15-20 తేలికది. 20-30 ఉబ్బిన సిరలకు, వాటివల్ల వచ్చే వాపుకు సాధారణంగా వాడేది. 30-40 తీవ్రమైన సిరల జబ్బులకు, శోషరసపు వాపుకు. కొన్ని కంపెనీలు అంకె బదులు 'క్లాస్ 2' అని వేస్తాయి. బ్రిటిషు లెక్కలో క్లాస్ 2 అంటే 18-24, జర్మను లెక్కలో 23-32. అందుచేత క్లాసును నమ్మవద్దు, అంకెను చూడండి. అంకే లేని డబ్బాను కొనవద్దు.

ఇక 'రక్తప్రసరణ సాక్సు' అన్న పేరు సంగతి. పైన చెప్పినదంతా సిరలకు, అంటే కాలి నుంచి గుండెకు తిరిగి వెళ్ళే రక్తానికి సంబంధించినది. గుండె నుంచి పాదానికి రక్తం తెచ్చేవి ధమనులు. అవి మూసుకుపోతూ ఉన్నవారికి ఈ మేజోడు ప్రసరణను పెంచదు. అరకొరగా అందుతున్న రక్తాన్ని బయటి నుంచి అదిమి ఇంకా తగ్గిస్తుంది. ఏళ్ళ తరబడి పొగతాగినవారు, చాలాకాలంగా షుగరు ఉన్నవారు, కాస్త దూరం నడవగానే పిక్క పట్టేసి ఆగవలసి వచ్చేవారు, రాత్రి పాదాల నొప్పికి కాళ్ళు మంచం అంచు నుంచి కిందికి వేలాడదీసుకునేవారు ఈ కోవలోకి వస్తారు. కాలికి రక్తం సరిగా అందడం లేదని రోగికి అర్థమయ్యే భాషలో "మీకు ప్రసరణ తక్కువగా ఉంది" అని చెబుతాం. ఆయన ఇంటికి వెళ్ళి ప్రసరణ సాక్సు కొంటాడు. తప్పు ఆయనదా, ఆ పేరు పెట్టినవారిదా?

షుగరు రోగిలో ప్రమాదం రెండింతలు. నరాలు మొద్దుబారినందువల్ల మేజోడు ఎక్కడ కోస్తున్నదో తెలియదు. పైఅంచు మడతపడి పిక్క చుట్టూ బిగిసినా, కాలివేలి మీద పుండు మొదలైనా నొప్పి ఉండదు. మేజోడు తీసి చూసేదాకా ఎవరికీ కనబడదు. పనిచేసిన రోజుల్లో నల్లబడిన వేళ్ళతో వచ్చినవారిని ఎంతోమందిని చూశాను. అవన్నీ మేజోళ్ళ వల్ల వచ్చినవి కావు. కానీ అటువంటి పాదం మీద బిగుతు మేజోడు వేయడమంటే ఏమిటో వారిని చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇంకో తికమక కూడా ఉంది. 'డయాబెటిక్ సాక్సు' పేరుతో అమ్మే మంచి మేజోళ్ళు బిగుతువి కావు. వదులుగా, లోపల కుట్లు ఒరుసుకోకుండా, చెమట పీల్చేలా నేసినవి. ప్రయోజనంలో ఇవి బిగుతు మేజోళ్ళకు పూర్తిగా వ్యతిరేకం. దుకాణంలో రెండూ ఒకే వరుసలో ఉంటాయి. అమ్మేవారికి కూడా తేడా తెలియదు.

బిగుతు మేజోడు వేయవచ్చో లేదో తేల్చే పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. వైద్యుడు పాదం పైభాగంలోనూ, చీలమండ లోపలి వైపు వెనుకనూ వేళ్ళతో నాడి చూడాలి. అనుమానం ఉంటే చిన్న డాప్లరు పరికరంతో చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చాలి. ఆ నిష్పత్తి 0.8 కంటే తక్కువైతే గట్టి బిగుతు పనికిరాదు. 0.5 కంటే తక్కువైతే అసలు ఏ బిగుతూ వద్దు. షుగరు రోగుల్లో ధమనుల గోడలు గట్టిపడి ఈ అంకె దొంగగా ఎక్కువ చూపించవచ్చు. 1.3 దాటితే దాన్ని మంచి ఫలితంగా తీసుకోకూడదు. నాడి చూడటానికి పట్టేది రెండు నిమిషాలు. అయితే రోగి చెప్పులు విప్పించి పాదం చూసే అలవాటు మా వృత్తిలోనే సన్నగిల్లిందని ఒప్పుకోక తప్పదు. చూడమని మీరే అడగండి, మొహమాటపడవద్దు.

అసలు వాపు ఎందుకు వచ్చిందన్నది అన్నిటికంటే ముందు తేలవలసిన విషయం. రెండు కాళ్ళూ వాచినప్పుడు గుండె, మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడ్, రక్తహీనత వీటన్నిటినీ తలచుకోవాలి. పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చోవలసి వస్తే గుండె వైపు, ఉదయం లేవగానే ముఖం ఉబ్బి ఉంటే మూత్రపిండాల వైపు, పొట్టలో నీరు చేరుతుంటే కాలేయం వైపు చూడాలి. గుండె బలహీనత అదుపులో లేనివారికి గట్టి మేజోడు వేస్తే కాళ్ళలోని నీరు ఒక్కసారిగా పైకి మళ్ళి ఆయాసం పెరగవచ్చు. అటువంటివారి వాపుకు మందు మేజోడులో లేదు. మాత్రల్లో ఉంది, కొంత భోజనం పళ్ళెంలోనూ ఉంది. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ మూడూ రోజూ తింటూ వాపు తగ్గలేదనడం న్యాయం కాదు.

మాత్రల మాట వచ్చింది కాబట్టి ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. రక్తపోటుకు విరివిగా వాడే ఆమ్లోడిపిన్ కొందరిలో చీలమండల వాపు తెస్తుంది. మోతాదు 5 నుంచి 10 మిల్లీగ్రాములకు పెరిగినప్పుడు ఇది మరింత తరచుగా కనిపిస్తుంది. సన్నని ధమనులు వెడల్పై సూక్ష్మనాళాల్లో ఒత్తిడి పెరగడం దీనికి కారణం. ఒంట్లో నీరు ఎక్కువైందని కాదు. అందుకే మూత్రం ఎక్కువ పోయే మాత్ర వేసినా ఇది పెద్దగా తగ్గదు. జరిగేదేమిటంటే, వాపుకు ఆ మాత్ర, అది పనిచేయలేదని మేజోడు, మేజోడు కింద దురద వస్తే పూతమందు. మొదటి మాత్ర మోతాదు తగ్గించినా, మార్చినా సరిపోయే చోట ఇంత తతంగం. మీ అంతట మీరు మాత్ర ఆపవద్దు. వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్ళి వైద్యునికి చూపించండి. కొన్ని నొప్పి మాత్రలు, షుగరుకు వాడే పయోగ్లిటజోన్, నరాల మంటలకు వాడే ప్రెగాబలిన్ కూడా ఇదే పని చేయగలవు.

ఒక్క కాలే హఠాత్తుగా వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే లోతు సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాలి. అప్పుడు మేజోడు వెదుకుతూ కూర్చోకూడదు, కాలు పిసికించుకోకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి స్కానింగు చేయించుకోవాలి. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం.

మేజోళ్ళ మీద వైద్యులకు ఉన్న నమ్మకాలు కూడా కొన్ని పరీక్షకు నిలవలేదు. పక్షవాతంతో మంచానపడిన రోగులకు తొడ వరకు మేజోళ్ళు తొడిగితే రక్తం గడ్డకట్టదని ఏళ్ళ తరబడి అనుకున్నాం. 2,500 మందికి పైగా రోగులపై జరిపిన పరిశోధన 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. గడ్డలు తగ్గలేదు సరికదా, చర్మం పుండ్లు పడటం పెరిగింది. మరోవైపు, గంటల తరబడి సాగే విమాన ప్రయాణాల్లో తేలిక మేజోళ్ళు కాలి సిరల్లో లక్షణాలు లేని గడ్డలను తగ్గిస్తాయని తేలింది. కూతురి పురుడుకో, కోడలి పురుడుకో డాలస్ వెళ్ళే అమ్మలకు, పాదాల్లో నాడి బాగా ఉంటే, 15-20 మేజోళ్ళు మంచి సలహాయే. గంటకోసారి లేచి నాలుగడుగులు నడవడం కూడా అంతే ముఖ్యం.

ఇప్పుడు అందవలసినవారికి అందని మేలు గురించి. గోదావరి జిల్లాల్లో, శ్రీకాకుళంలో, తెలంగాణలో నల్లగొండ, కరీంనగర్ ప్రాంతాల్లో బోదకాలు మనకు కొత్త కాదు. క్యూలెక్స్ దోమ చేరవేసే ఫైలేరియా పురుగు శోషరస నాళాలను పాడుచేస్తుంది. ఏటా మింగించే మాత్రలు వ్యాప్తిని ఆపడానికి. అప్పటికే ఏనుగు కాలైన కాలును అవి మామూలు చేయవు. ఆ రోగిని కుంగదీసేది మాటిమాటికీ వచ్చే చలిజ్వరం, కాలు ఎర్రబడి మండటం. ప్రతి దాడికీ కొన్ని రోజుల కూలి పోతుంది, కాలు ఇంకొంచెం లావెక్కుతుంది. దీర్ఘకాలపు కాలి వాపుతో మళ్ళీ మళ్ళీ సెల్యులైటిస్ వచ్చే 84 మందిపై ఆస్ట్రేలియాలో జరిపిన ఒక పరిశోధన 2020లో వెలువడింది. వారు బోదకాలు రోగులు కారు. అయినా బిగుతు చికిత్స వాడినవారిలో నూటికి 15 మందికి, వాడనివారిలో 40 మందికి జబ్బు తిరగబెట్టింది. మన ప్రభుత్వాలు బోదకాలు రోగులకు తొట్టి, మగ్గు, సబ్బు, తువ్వాలు, పూతమందు ఇస్తున్నాయి. రోజూ కడిగి, వేళ్ళ మధ్య తడి లేకుండా తుడుచుకోవడమే మొదటి వైద్యం, సందేహం లేదు. తగినవారికి కొలత తీసి ఇచ్చే మేజోళ్ళను, లేదా సరిగా కట్టడం నేర్పి కట్టుగుడ్డలను ఆ సంచిలో చేర్చాలని నా విన్నపం. అమెరికా నుంచి తెప్పించుకోగలిగినవారికి అనవసరంగా దొరుకుతున్న వస్తువు, అవసరమున్న రైతుకూలీకి దొరకకపోవడం సబబు కాదు.

రోజుకు పదేసి గంటలు నిలబడి చీరలు పరిచే అమ్మాయిల కాళ్ళ గురించి కూడా ఒక మాట. వీరికి మేజోళ్ళు సుఖమిస్తాయి, నిజమే. కానీ వీరికి ముందుగా కావలసింది ఒక స్టూలు. దుకాణాల్లో పనిచేసేవారు కూర్చునే హక్కును కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలో చేర్చాయి. మన పెద్ద పెద్ద వస్త్ర దుకాణాల్లో కొనేవారికి మెత్తని పరుపులుంటాయి, అమ్మేవారికి పీట కూడా కనబడదు.

వైద్యుడు వేసుకోమన్నవారికి కొన్ని సూచనలు. కొలతలు ఉదయమే, వాపు ఎక్కకముందే తీయించుకోవాలి. చీలమండ చుట్టుకొలత, పిక్క చుట్టుకొలత రెండూ కావాలి, చెప్పుల సైజు చాలదు. మంచం దిగకముందే వేసుకుని, రాత్రి పడుకునేటప్పుడు తీసివేయాలి. ముడతలు పడనివ్వకూడదు, పైఅంచు మడవకూడదు. కీళ్ళనొప్పులున్న వేళ్ళతో 20-30 మేజోడు ఎక్కించడం కష్టం. వంటింటి రబ్బరు చేతి తొడుగులు వేసుకుంటే పట్టు దొరుకుతుంది. చేత్తో ఉతికి నీడలో ఆరవేయాలి. సుమారు ఆరు నెలలకు సాగుడు పోతుంది, ఆ తర్వాత అది మామూలు సాక్సే. మే నెల ఎండల్లో రామగుండంలోనో, రెంటచింతలలోనో రోజంతా వేసుకోమని నేను చెప్పలేను. మధ్యాహ్నం తీసివేసి, కాళ్ళను గుండె కంటే ఎత్తులో దిండ్ల మీద అరగంట పెట్టుకుని పడుకోండి. టీవీ ముందు గంటల తరబడి కాళ్ళు వేలాడదీసి కూర్చునే పెద్దవారిలో చాలామందికి ఈ అరగంట, కుర్చీ పట్టుకుని మడమలు ఇరవైసార్లు ఎత్తి దించడం, కాస్త నడక చాలు. మేజోడే అక్కరలేదు.

రోజూ రాత్రి మేజోడు తీశాక దీపం వెలుగులో పాదం పైన, అడుగున, వేళ్ళ మధ్య చూసుకోండి. మీకు వంగడం కష్టమైతే ఇంట్లో ఎవరినైనా చూడమనండి. వేళ్ళు పాలిపోయినా, నీలిరంగు తిరిగినా, చల్లబడినా, కొత్తగా తిమ్మిరి, నొప్పి, పొక్కు, పుండు ఏది కనిపించినా మళ్ళీ వేసుకోవద్దు. మరునాడే వైద్యునికి చూపించుకోండి. పాదం నల్లబడుతున్నా, నొప్పి భరించలేకున్నా తెల్లవారేదాకా కూడా ఆగకండి.