అమ్మాయి అడిగిన 'బోహో' ఫొటో

"అమ్మా, ఈసారి స్టూడియో ఫొటో వద్దు. బోహో స్టయిల్లో తీయించుకుంటాను" అని అమ్మాయి అంటే చాలామంది తల్లులు కంగారు పడతారు. 'బోహో' అంటే ఏమిటో తెలియదు, అడగాలంటే మొహమాటం. తీరా అమ్మాయి ఫోన్లో చూపించిన బొమ్మలు చూస్తే కాళ్ళదాకా జారే కుచ్చుల లంగా, మెడనిండా వెండి పూసలు, జడ వేయని జుట్టు, చెట్టు కింద చాప! "ఇదేం అవతారమే, మగపెళ్ళివారు చూస్తే ఏమనుకుంటారు?" అన్న మాట నోటిదాకా వస్తుంది. ఆ మాట కాస్త ఆపుకోండి. ఈ వేషంలో మనకు కొత్తది పెద్దగా లేదు. సగానికి సగం సరంజామా మీ బీరువాలోనూ, మీ అమ్మగారి ట్రంకుపెట్టెలోనూ ఉంది.

మన కాలంలో సంబంధాల ఫొటో అంటే ఒక్కటే. స్టూడియోలో పూల తెర ముందు కుర్చీ మీద చెయ్యివేసి, ఊపిరి బిగబట్టి నిలబడటం. ఆ కాపీలు జాతకంతో పాటు కవర్లో పెట్టి పోస్టు చేసేవారు. ఇప్పుడు పెళ్ళి సంబంధాల సైట్లు వచ్చాయి. 2012లో అమెరికాలో మొదలైన టిండర్ లాంటి డేటింగ్ యాప్‌లు మన ఊళ్ళకూ వచ్చాయి. ఉద్యోగం చేసుకునే ఆడపిల్లలు కొందరు అమ్మానాన్నలు చూసే సంబంధాలు ఒకపక్క చూస్తూనే, తమకు నచ్చిన స్నేహితుణ్ణి తామే వెతుక్కుంటున్నారు. మీ అమ్మాయి ఆ సంగతి దాచకుండా మీతో చెప్పి, "ఫొటోకి సాయం చెయ్యమ్మా" అన్నదంటే మీమీద నమ్మకం ఉన్నట్టే. ఆ నమ్మకం పోగొట్టుకోవద్దు.

అసలీ బోహో ఏమిటి?

ఐరోపాలో ఇప్పటి చెక్ దేశంలో బొహీమియా అనే ప్రాంతం ఉంది. ఊరూరూ తిరిగే రోమా జాతివారు అటువైపు నుంచి వచ్చారనుకుని ఫ్రెంచివాళ్ళు వారిని 'బొహీమియన్లు' అన్నారు. తరవాత పారిస్‌లో చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా తమకు తోచినట్టు బతికే చిత్రకారులకూ కవులకూ అదే పేరు తగిలించారు. వారి జీవితాల మీద హెన్రీ మ్యూర్జే అనే రచయిత రాసిన కథలు 1851లో పుస్తకంగా వచ్చాయి. వాటి ఆధారంగానే పుచ్చీని 'లా బొహీమ్' అనే సంగీత నాటకం కట్టాడు. దాన్ని మొదట 1896లో ప్రదర్శించారు.

ఇందులో మనకు చుట్టరికం కూడా ఉందండోయ్! ఆ రోమా జాతివారి పూర్వీకులు దాదాపు వెయ్యేళ్ళ క్రితం మన దేశం నుంచి వలస వెళ్ళినవారేనని భాషా శాస్త్రవేత్తలు తేల్చారు. వారి భాషకు హిందీతో దగ్గర సంబంధం ఉంది. 1960లలో హిప్పీలు మన దేశం వచ్చి అద్దకం బట్టలు, అద్దాల కుట్టు, వెండి కడియాలు పట్టుకుపోయారు. అవే విదేశీ ఫ్యాషన్ పత్రికల్లో తిరిగి తిరిగి, ఇప్పుడు 'బోహో' అనే కొత్త పేరుతో మన వాకిట్లోకి వచ్చాయి. పుట్టింటికి వచ్చిన ఆడపడుచుని ఎవరైనా గుమ్మంలో నిలబెడతారా?

బట్టలు: కొనేముందు వెతకండి

బోహోకి కావలసినవి నూలు బట్ట, మట్టి రంగులు, వదులుగా ఉండే కుట్టు. ఎర్రమట్టి, ఆవపిండి రంగు, నీలిమందు రంగు, ముదురాకుపచ్చ, మీగడ తెలుపు బాగుంటాయి. మెరిసే సిల్కు, రాళ్ళ పని, జరీ పెద్ద బోర్డరు ఇక్కడ నప్పవు.

మన కలంకారీని మించిన బోహో ఎక్కడుంది? శ్రీకాళహస్తిలో కలంతో చేత్తో గీస్తారు. మచిలీపట్నం దగ్గర పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. బట్టను ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెడతారు. నలుపు రంగు కోసం ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో ఊరవేస్తారు. ఇంత శ్రమ ఉంది దాని వెనక. బజార్లో కలంకారీ పేరుతో అమ్మే వాటిలో స్క్రీన్ ప్రింట్లు కూడా ఉంటాయి కనుక అడిగి కొనండి. కొత్తది కొనక్కరలేదు కూడా. అంచు చిరిగిన పాత కలంకారీ చీర ఉంటే కుచ్చుల లంగా కుట్టించండి. పైన తెల్లటి మంగళగిరి నూలు జాకెట్టో, వదులు చొక్కానో చాలు. ఉతికేటప్పుడు విడిగా, చన్నీళ్ళలో, కుంకుడు రసంతో ఉతికి నీడన ఆరేయండి.

లంబాడీల అద్దాల కుట్టు, గవ్వల కుచ్చులు కూడా బోహో పేరుతో బాగా అమ్ముడవుతున్నాయి. ఇక్కడ ఒక్క మాట. తండాల్లో ఆడవాళ్ళు కళ్ళు పొడుచుకుని కుట్టే పని అది, వారికి గౌరవమైన కట్టు. తల నుంచి పాదాల దాకా ఆ వేషం వేసుకుని ఫొటో దిగితే అది ఫ్యాన్సీ డ్రెస్ పోటీలా ఉంటుంది. ఒక సంచీ, ఒక దుపట్టా అంచు, ఒక నడుం పట్టీ చాలు. అదీ కుట్టినవారి దగ్గర, లేదా హస్తకళల ఎగ్జిబిషన్లో బేరం ఆడకుండా కొనండి.

నగలు, జుట్టు

నగల విషయంలో ఒకటే సూత్రం. చెవులకు పెద్దవి పెడితే మెడకు చిన్నది, మెడకు పెద్దది వేస్తే చెవులకు చిన్నవి. అన్నీ కలిపితే నగల దుకాణం కనిపిస్తుంది, అమ్మాయి కనిపించదు. అమ్మమ్మగారి పాత వెండి పట్టీలు, కడియాలు ఉంటే వాటికి సాటి లేదు. నల్లటి ఆక్సిడైజ్డ్ నగల్ని మాత్రం చింతపండుతో తోమకండి. ఆ నలుపే వాటి అందం! పొడిగుడ్డతో తుడిచి, ఒక సుద్దముక్క వేసిన డబ్బాలో పెడితే చెమ్మ చేరదు.

జుట్టు ముందురోజే తలంటి, వదులు జడగానో, సగం ముడిగానో ఉంచండి. సన్నజాజులో, చామంతులో నాలుగు చాలు. మొహానికి రోజూ ఆఫీసుకు వెళ్ళేటప్పుడు ఏం రాసుకుంటుందో అదే.

చోటు, వెలుగు

ఇంట్లోనే బోలెడు చోట్లున్నాయి. నులక మంచం, పేము కుర్చీ, ఇత్తడి బిందెలో బంతిపూలు, డాబా మీద కుండీలు ఉన్నా చాలు. గోడకు పాత కలంకారీ దుప్పటి కడితే అదే తెర. కాకపోతే లంగా నిండా పువ్వులుంటే వెనక తెర సాదాగా ఉండాలి.

బయటికి వెళ్ళాలంటే కడియం నర్సరీల పచ్చదనం, హైదరాబాదు శిల్పారామం లాంటివి బాగుంటాయి. నర్సరీల్లో యజమానిని అడిగి, శిల్పారామంలో నిబంధనలు కనుక్కుని తీసుకోండి. సముద్రం దగ్గర ఒక కిటుకు చెబుతాను. విశాఖ, భీమిలి ఎక్కడైనా మన సముద్రం దాదాపు తూర్పు వైపే. పొద్దున్నే సముద్రాన్ని వెనక పెట్టుకుని నిలబడితే వెలుగు వీపు మీద పడి మొహం నల్లగా వస్తుంది. అదే సాయంత్రమైతే పడమటి ఎండ నేరుగా మొహం మీద పడుతుంది, వెనక సముద్రం నీలంగా ఉంటుంది. విశాఖలో కొండలు అడ్డు కనుక పొద్దు వాలేదాకా ఆగకుండా కాస్త ముందుగానే వెళ్ళండి.

మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు. నడినెత్తి ఎండకు కళ్ళ కింద నల్లటి నీడలు పడి, పాతికేళ్ళ పిల్ల నలభై ఏళ్ళ మనిషిలా కనిపిస్తుంది. సూర్యోదయం తరవాత ఒక గంట, సూర్యాస్తమయానికి ముందు ఒక గంట బంగారం లాంటి సమయం. ఆ వేళ కుదరకపోతే చెట్టు నీడ, వరండా, లేదా ఎండ నేరుగా పడని కిటికీ పక్కన నిలబెట్టండి. లైటు ఆర్పి కిటికీ వెలుగుతోనే తీయండి.

ఫోను చాలు

ఫొటోగ్రాఫర్‌ని పెట్టుకునే స్తోమత ఉంటే సరే. లేకపోతే మీ చేతిలోని ఫోను చాలు. ఈ నాలుగూ గుర్తుంచుకోండి.

1. ముందు లెన్సు తుడవండి. వంటింటి చేతుల జిడ్డు దానిమీదే ఉంటుంది!

2. సెల్ఫీ వద్దు. మరీ దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదిగా వస్తుంది. వెనక కెమెరాతో 6 అడుగుల దూరం నిలబడి, 2 రెట్లు జూమ్ చేసి తీయండి.

3. మొహం ఫొటోకి ఫోను కళ్ళ ఎత్తులో పట్టుకోండి. నిలువెత్తు ఫొటోకి నడుము ఎత్తులో పట్టుకోండి. పైనుంచి తీస్తే మనిషి పొట్టిగా కనిపిస్తుంది.

4. "నవ్వు, నవ్వు" అని వేధించకండి. చిన్నప్పటి అల్లరి ఏదో ఒకటి గుర్తుచేయండి. అదే నవ్వుతుంది. అప్పుడు వరసగా పది తీయండి, ఒకటి కుదురుతుంది.

మొత్తం నాలుగైదు ఫొటోలు చాలు. ఒకటి మొహం స్పష్టంగా, నల్ల కళ్ళద్దాలు లేకుండా. ఒకటి నిలువెత్తుది. ఒకటి తను ఇష్టంగా చేసే పనిలో, బొమ్మ వేస్తూనో, మొక్కకు నీళ్ళు పోస్తూనో, పుస్తకం చదువుతూనో. అయితే నిజంగా చేసే పనే సుమా! వీణ ముట్టుకోని పిల్ల చేతిలో వీణ పెడితే, మొదటి మాటల్లోనే "ఏం వాయిస్తారు?" అని అడుగుతారు. మరొకటి మామూలు చీరలోనో చుడీదారులోనో. బోహో ఒక సరదా. రోజూ ఎలా ఉంటుందో కూడా ఎదుటివారికి తెలియాలి. నలుగురు స్నేహితురాళ్ళతో ఉన్న ఫొటో పెడితే ఇందులో మీ అమ్మాయి ఎవరో వెతుక్కోవాలి. పైగా ఆ పిల్లల అనుమతి కూడా కావాలి.

రంగు మార్చకండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఫోన్లో ఒక మీట నొక్కితే చాలు, చామనఛాయ పిల్ల పాలరంగులో వస్తుంది. మొటిమ మచ్చలు మాయమవుతాయి, బుగ్గలు సన్నబడతాయి. "ఒక్క ఛాయ పెంచితే ఏం పోయింది, నాలుగు సంబంధాలు ఎక్కువ వస్తాయి" అని తల్లికి ఆశ పుడుతుంది. అందులో చెడు ఉద్దేశం ఉండదు, భయం ఉంటుంది.

కాని అమ్మాయి వైపు నుంచి ఆలోచించండి. తన ఫొటోని కన్నతల్లే తెల్లగా దిద్దుతుంటే ఆ పిల్లకు ఏం అర్థమవుతుంది? "నువ్వు ఉన్నట్టుగా ఉంటే ఎవరూ మెచ్చరు" అనే కదా. పరాయివాళ్ళు వంద అన్నా తట్టుకోవచ్చు, అమ్మ అనకుండా చెప్పిన ఈ ఒక్క మాట జీవితాంతం ఉండిపోతుంది. పైగా ఆ ఫొటో చూసి వచ్చినవాడు ఫొటోలోని పిల్ల కోసం వస్తాడు. ఎదురుగా మీ పిల్ల కూర్చుంటుంది. ఆ క్షణంలో అతని మొహంలో కదిలే చిన్న మార్పును భరించవలసింది మీరు కాదు, ఆమె.

కాలం కూడా మారుతోంది. 2020లో ఉత్తర అమెరికాలోని మన దేశపు ఆడవాళ్ళు సంతకాలు సేకరించి అడిగితే, షాదీ డాట్ కామ్ వాళ్ళు ఒంటి రంగును బట్టి వెతికే సదుపాయాన్ని తీసేశారు. ఒక తెల్లబరిచే క్రీము కూడా అదే ఏడు పేరులోంచి 'ఫెయిర్' అన్న మాట తొలగించుకుంది. కంపెనీలే వదులుకున్న మాటను మన ఇంట్లో పట్టుకుని వేళ్ళాడటం ఎందుకు? ఒక సంగతి చూడండి. ఎర్రమట్టి రంగు, ఆవపిండి రంగు, వెండి నలుపు చామనఛాయ మీద ఎంత నిండుగా ఉంటాయో!

జాగ్రత్తలు

ఫొటోలో ఇంటి నంబరు, వీధి బోర్డు, బండి నంబరు, ఆఫీసు గుర్తింపు కార్డు పడకుండా చూడండి. ఫోను కెమెరా సెట్టింగులలో 'లొకేషన్' ఆపేయండి. లేకపోతే ఫొటో ఎక్కడ తీసిందీ దానితోపాటే వెళ్ళిపోవచ్చు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఉన్న ఫొటోనే ఇక్కడా పెట్టవద్దు. ఆ ఒక్క ఫొటోతో మిగిలిన వివరాలన్నీ తవ్వేవారుంటారు. వాట్సాప్‌లో బంధువుల గ్రూపుల నిండా బయోడేటా పంచకండి, కావలసినవారికి విడిగా పంపండి. పెళ్ళి సైట్ల వాళ్ళు సభ్యుల గుర్తింపు పత్రాలు చూడాలని 2016లో కేంద్ర ప్రభుత్వం సూచనలిచ్చింది. అయినా మన జాగ్రత్త మనకుండాలి. మొదటి కలయిక నలుగురూ ఉండే చోట, ఇంట్లో చెప్పే వెళ్ళాలి. డబ్బు అడిగితే అక్కడితో ఆపేయాలి. మోసపోతే 1930కి వెంటనే ఫోన్ చేయాలి. ఫొటోలతో బెదిరిస్తే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు చేయవచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181 ఉండనే ఉంది.

చివరగా, ఏ ఫొటో పెట్టాలో నిర్ణయం అమ్మాయిదే. మీకు నచ్చినదీ, తనకు నచ్చినదీ వేరైతే తన మాటే చెల్లనివ్వండి. ఆ ఫొటో చూసి వచ్చే మనిషితో జీవితం పంచుకోవలసింది తనే కదా! మీరు చేయవలసింది చీర వెతికి ఇవ్వడం, వెలుగు చూడటం, నవ్వించడం. ఈ ఆదివారం సాయంత్రం అయిదు గంటలకు ట్రంకుపెట్టె తెరిచి చూడండి మరి!