సంత దాకా రావాల్సిన సహకారం

శృంగవరపుకోట స్టేషన్ మీదుగా ఇనుప ఖనిజం రైళ్లు దిగుతూనే ఉంటాయి. బైలదిల్లా గనుల నుంచి అరకు కొండలు దాటి, బొడ్డవర మీదుగా విశాఖ రేవు దారి పట్టే ఈ కొత్తవలస–కిరండూల్ లైను 1960లలో భారత్, జపాన్ చేతులు కలిపితే పుట్టింది. వాళ్ల ఉక్కు కర్మాగారాలకు ఖనిజం కావాలి, మనకు విదేశీ మారకం కావాలి. తూర్పు కనుమల్లో సొరంగాలు తొలిచి, పదేళ్లు తిరక్కుండానే పట్టాలు వేసేశారు. రెండు దేశాలు గట్టిగా పూనుకుంటే ఎంత పని అవుతుందో ఈ ప్రాంతం కళ్లారా చూసింది.

మనుషుల ఒంట్లోని ఇనుము విషయంలో ఆ పూనిక లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి, ఐదేళ్లలోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. వేలి కొసన తీసిన చుక్క రక్తంతో వేసే లెక్క ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందని కొందరు శాస్త్రవేత్తలు అంటారు. నిజమే కావచ్చు. అంకె కొంత దిగినా, మెట్లెక్కితే ఆయాసపడే తల్లి బాధ దిగదు.

పోషకాహార రంగంలో విదేశీ సహకారం అనగానే మన పెద్దవాళ్లకు పాలపొడి, బడిలో పెట్టిన గోధుమనూక ఉప్మా గుర్తొస్తాయి. ఎవరో ఇస్తే మనం పుచ్చుకున్నామన్న భావన అలా పాతుకుపోయింది. ఉత్తరాంధ్ర చరిత్ర మాత్రం వేరే మాట చెబుతుంది. ఈ రంగంలో ప్రపంచం మెచ్చిన పెద్ద ప్రయోగాల్లో ఒకదాన్ని నడిపినవాడు శ్రీకాకుళంలో పుట్టాడు.

ఆయన వులిమిరి రామలింగస్వామి. 1921 ఆగస్టు 8న పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ఆక్స్‌ఫర్డ్ వెళ్లి వచ్చారు. 1950లలో హిమాలయ పాదాల్లోని కాంగ్రా లోయలో గాయిటర్ అనే మెడవాపు ఇంటింటా కనిపించేది. అయోడిన్ చాలకపోతే వచ్చేది మెడవాపు ఒక్కటే కాదు, గర్భంలోని బిడ్డ మెదడు కూడా దెబ్బతింటుంది. 1956లో ఆయన బృందం లోయను మూడు భాగాలు చేసింది. రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు సరఫరా అయ్యాయి. ఐదేళ్లు గడిచేసరికి మొదటి రెండు చోట్ల బడిపిల్లల మెడవాపు బాగా తగ్గింది, మూడోచోట ఉన్నది ఉన్నట్టే ఉంది. ఆ తర్వాత మూడో భాగానికీ అయోడిన్ ఉప్పే ఇచ్చారు. 1962లో జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది, ఉప్పులో అయోడిన్ కలిపే యంత్రాలకు యునిసెఫ్ సాయం చేసింది. కాంగ్రా ఫలితాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చి, ఇతర దేశాలకూ ఆధారమయ్యాయి.

మనిషికి రోజుకు కావాల్సిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. జీవితకాలానికంతా కలిపితే ఒక చెంచాడు. ఆ చెంచాడు కూడా మన దేశంలో దాదాపు దొరకదు. చిలీ ఎడారి నేలల నుంచి, జపాన్ భూగర్భంలోని ఉప్పునీళ్ల నుంచి తెచ్చుకుంటాం. ఖనిజం తీసుకెళ్లిన జపానే అయోడిన్ పంపుతోంది.

వానలు నేలలోని అయోడిన్‌ను కడిగేసే కొండ ప్రాంతాలన్నిటిలాగే, శృంగవరపుకోట పైనున్న మన్యానికీ ఈ ఉప్పు తప్పనిసరి. శ్రీకాకుళం తీరాన నౌపడ ఉప్పుమళ్లు ఉన్నాయి. తీరం ఉప్పు కొండెక్కడం, కొండ చింతపండు కిందికి దిగడం ఇక్కడ పాత వ్యాపారం. చట్టం ప్రకారం వినియోగదారుడి చేతికి వచ్చే ఉప్పులో పది లక్షల పాళ్లకు కనీసం 15 పాళ్ల అయోడిన్ ఉండాలి. సంతలో గోనె విప్పి, తేమ తగిలేలా అమ్మే రాళ్ల ఉప్పులో అది ఎంత మిగులుతుందో చూసేదెవరు? లోపం ఎక్కువగా ఉన్న జిల్లాల్లో ఆశా కార్యకర్తలు చిన్న కిట్‌తో పరీక్షించాలని జాతీయ కార్యక్రమం చెబుతుంది. నెలకు 50 నమూనాలు చూస్తే ఇచ్చే ప్రోత్సాహకం 25 రూపాయలు. నమూనాకు అర్ధరూపాయి! చిలీ నుంచి ఓడలో వచ్చిన మందు ఆఖరి మైలులో ఇంత చవకైన కాపలా మీద ఆధారపడటం తగని పని.

గర్భిణులకిచ్చే ఎర్ర మాత్ర సంగతీ అలాంటిదే. అందులో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ వైద్యురాలు బొంబాయి మిల్లు కార్మిక స్త్రీల రక్తహీనతను పరిశీలించి ఈ ఆమ్లం జాడ పట్టింది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం 1945 నాటికి దాన్ని తయారుచేసింది. మూడు ఖండాలు కలిసి చేసిన ఆ మాత్రను, భోజనం కాగానే టీ తాగుతూ వేసుకుంటే ఇనుము సరిగా ఒంటికి పట్టదు. ఈ ఒక్క మాట విడమరిచి చెప్పే తీరిక అంగన్‌వాడీలో ఉండాలి.

ఇక బియ్యం సంగతి. పాతపట్నం దాటితే పర్లాకిమిడి. అది ఉన్న ఒడిశాలోని గజపతి జిల్లాలో ప్రపంచ ఆహార కార్యక్రమం గత దశాబ్దం మొదట్లోనే బడి భోజనానికి పోషకాలు చేర్చిన బియ్యం వాడి చూసింది. తర్వాత అది దేశమంతా రేషన్ డిపోలకు వచ్చింది. 2028 డిసెంబరు దాకా కొనసాగించాలని 2024 అక్టోబరులో కేంద్రం నిర్ణయించింది. నూరు గింజలకు ఒకటి చొప్పున కలిపే ఆ గింజలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 ఉంటాయి. చెప్పేవాళ్లు లేక చాలాచోట్ల జనం వాటిని ప్లాస్టిక్ బియ్యమనుకుని ఏరి పారేశారు. తప్పు ఆ ఇల్లాళ్లది కాదు. కొత్త గింజను సంచిలో పోసి, మాట మాత్రం కార్యాలయంలో దాచుకున్నవాళ్లది.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, 2025లో అమెరికా తన సహాయ సంస్థ యూఎస్ ఎయిడ్‌ను మూసేసింది. దాని డబ్బుతో నడిచిన ఆరోగ్య సర్వేల కార్యక్రమం ఆగింది. మన కుటుంబ ఆరోగ్య సర్వేకు సాంకేతిక సాయం అందించిందీ అదే. మన దగ్గర హైదరాబాద్ పోషకాహార సంస్థ ఉంది, అది నరం నుంచి తీసిన రక్తంతో కొత్త సర్వే చేపట్టింది. ఆఫ్రికాలోని చాలా దేశాలకు అలాంటి ఆసరా లేదు. కాంగ్రాలో నేర్చుకున్న దేశం ఆ దేశాల క్షేత్ర సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, కిట్లు పంపాలి. పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక మన కొండల్లో చేయాల్సింది స్పష్టం. అనంతగిరి, అరకు సంతల్లో ఉప్పు పరీక్షలు జరగాలి, ఫలితాలు పంచాయతీ గోడ మీద అంటించాలి, ఆశాలకు సరైన కూలి ముట్టాలి. పోషకాల బియ్యం ఇచ్చినప్పుడల్లా డిపో డీలరు పిడికెడు చేతిలో పోసి, కలిపిన గింజను చూపించి చెప్పాలి. పథకం ఏదైనా చోళ్లు, సామలు, మునగాకు పక్కకు పోకూడదు. గిరిజనుల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉన్నవాళ్లకు ఇనుము మాత్రలు వైద్యుడు చూసే ఇవ్వాలి. 2023లో మొదలైన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ పరీక్ష ఫలితం, హిమోగ్లోబిన్ లెక్క, ఇచ్చిన మాత్రలు, మూడూ ఒకే కార్డు మీద రాసి ఆ మనిషి చేతికే ఇవ్వాలి.