ఏటి సేస్తే ఏటవుద్ది?

వెబ్ పేజీకి ప్రాణం పోసే జావాస్క్రిప్ట్ అంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. బటన్ నొక్కితే ఏమవ్వాలి? పేరు రాయకుండా ఫారం పంపితే ఏమవ్వాలి? మా శ్రీకాకుళం, విజయనగరం వైపు దీన్నే "ఏటి సేస్తే ఏటవుద్ది?" అంటారు. బడికెళ్ళని పిల్లలు కూడా అడిగే ప్రశ్న. అదే ఇంజనీరింగ్ కాలేజీ గేటు దాటేసరికి ఈవెంట్ హ్యాండ్లింగ్ అనే అయిదు మార్కుల ప్రశ్న అయిపోతుంది. నిర్వచనం బట్టీ పట్టాలి. ప్రోగ్రాం రికార్డులో చేత్తో రాయాలి. అవుట్‌పుట్‌ని స్కేలు పెట్టి గీయాలి. నొక్కితే పనిచేయాల్సిన బటన్‌ని పెన్సిల్‌తో గీయించే చదువు ఇది! నేనూ ఇలాగే చదివాను. ఇప్పుడు ఆ భాషతోనే బతుకుతున్నాను కాబట్టి గట్టిగా అంటున్నాను: కష్టం జావాస్క్రిప్ట్‌లో లేదు, మనం చెప్పే తీరులో ఉంది.

అసలు దాని పుట్టుక చూడండి. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో దాని తొలి రూపం తయారుచేశాడు. ప్రోగ్రామింగ్ వృత్తి కానివాళ్ళు కూడా పేజీలో నాలుగు లైన్లు రాసుకోగలగాలన్నది అప్పటి ఆలోచన. నోట్‌ప్యాడ్, బ్రౌజర్ ఉంటే చాలు, ఇంకేమీ కొనక్కర్లేదు.

ఒక పాఠం చెప్పి చూపిస్తాను. ఉద్దానంలో జీడిపిక్కల బేరం 80 కిలోల బస్తా లెక్కన సాగుతుంది. రెండు తూకాలు రాస్తే మొత్తం చెప్పే పేజీ చేద్దాం. ఒక పెట్టెలో 80, రెండో పెట్టెలో 75 రాసి బటన్ నొక్కితే 155 రావాలి కదా. 8075 వస్తుంది! ఎందుకంటే పెట్టెలో రాసింది మన కంటికి అంకె, బ్రౌజర్‌కి మాత్రం ఉత్త రాత. రెండు రాతల మధ్య ప్లస్ పెడితే పక్కపక్కన అతికిస్తుంది. అదే మైనస్ పెడితే 5 అని సరిగ్గానే చెప్తుంది. రాతలోంచి రాతని తీసెయ్యడం అనే పని దానికి లేదు, కాబట్టి వాటిని అంకెలుగా మార్చుకుని లెక్కేస్తుంది. కూడిక సరిగ్గా రావాలంటే "ఇది అంకె" అని మనమే ముందు చెప్పాలి, నంబర్ అన్న మాటతో. అంతే. దీన్ని పుస్తకం ఇంప్లిసిట్ టైప్ కోయెర్షన్ అంటుంది. జీడిపిక్కల లెక్క తప్పడం చూసినవాడికి ఆ పేరు ఒక్క పూటలో వస్తుంది. పేరు మాత్రమే నేర్చినవాడు ఆ 8075 ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పలేడు.

"భాషే ఇంగ్లీషులో ఉంటే తెలుగులో ఎలా చెప్తారండీ?" అంటారు. ఇఫ్, ఎల్స్, ఫంక్షన్, రిటర్న్... మొదలుపెట్టడానికి ఇలాంటివి ఇరవై మాటలు కూడా అక్కర్లేదు. ఆర్టీసీ బస్సు ఎక్కినవాళ్ళకి టికెట్, స్టాప్, కండక్టర్ అర్థం కాలేదా? పైగా వేరియబుల్ పేర్లు జావాస్క్రిప్ట్‌లో తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు. "తూకం" అని రాస్తే బ్రౌజర్ ఒప్పుకుంటుంది. ఆఫీసులో ఆ పేర్లు నడవవు, నిజమే. ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే ఉంటుంది, అదీ నిజమే. కానీ నేర్చుకునే మొదటి నెలకి, ఉద్యోగం వెతుక్కునే చివరి నెలకి ఒకే భాష ఎందుకుండాలి?

రెండో వైపు ఇంకో జబ్బు. తెలుగులో చెప్పమనగానే వేరియబుల్‌ని చలరాశి, ఫంక్షన్‌ని ప్రమేయం చేసి కూర్చోబెడతారు. ఇది కొత్త గ్రాంథికం. ఈ పోరాటం మన జిల్లాల్లో నూరేళ్ళ కిందటే జరిగింది. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, సవరల భాష నేర్చుకుని ఆ పిల్లల కోసం ఆ భాషలోనే పాఠపుస్తకాలు రాశారు. విజయనగరంలో గురజాడ 'కన్యాశుల్కం' 1892లో రంగస్థలం ఎక్కింది, జనం నోటి తెలుగుతోనే. వాళ్ళ వారసులం మనం. ఈవెంట్‌ని ఈవెంట్ అనే అనండి, అదేంటో మాత్రం ఇంట్లో మాట్లాడే మాటల్లో చెప్పండి.

ఇది సాహిత్యం చదివేవాళ్ళకి సంబంధం లేని గొడవ అనుకోవద్దు. "శ్రీకాకుళం" అన్న మాటకి పొడవెంత అని జావాస్క్రిప్ట్‌ని అడగండి. 10 అంటుంది. మనకి నాలుగే అక్షరాలు. గుణింతాలు, పొల్లు, సున్నా అన్నీ అది విడివిడిగా లెక్కపెడుతుంది. పేరుకి పది అక్షరాల హద్దు పెట్టిన ఫారంలో ఇంగ్లీషు పేరు హాయిగా పడుతుంది, మన పేరు సగంలో తెగిపోతుంది. పద్యంలో గురులఘువులు గుర్తించే పేజీ చెయ్యాలన్నా ముందు ఈ ముడి విప్పాలి. కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం కథల్ని వెబ్‌లో వెతుక్కోవాలన్నా అంతే, ఒకే మాటని రెండు రకాలుగా రాసినా పట్టుకునే వెతుకులాట కావాలి. ఇవి తెలుగు చదవడం, కోడ్ రాయడం రెండూ వచ్చినవాళ్ళకి మాత్రమే కనిపించే సమస్యలు. అలాంటివాళ్ళని మన కాలేజీలు తయారుచెయ్యడం లేదు. మనమేమో ఆగస్టు 29న తెలుగు చచ్చిపోతోందని వ్యాసాలు రాసుకుంటున్నాం.

కాబట్టి రెండు అడుగుతున్నాను. లాబ్ పరీక్షలో రికార్డుకి మార్కులు ఆపెయ్యండి, నడిచే పేజీకి వెయ్యండి. తెలుగులో రాయడం వచ్చిన ఇంజనీర్లు, కవిత్వం రాసేవాళ్ళతో సహా, ఒక్కొక్కరూ ఒక్క పాఠం మామూలు తెలుగులో రాయండి. తూకాల పేజీ పైన నేను మొదలుపెట్టాను. గురులఘువుల పేజీ ఎవరు రాస్తారు?