ఆ పిట్ట పేరేమిటి?

తొలకరి పడిన కొద్ది వారాలకే మా నెల్లిమర్లలో, చంపావతి ఒడ్డునున్న తాటిచెట్లకూ ఈతచెట్లకూ గిజిగాడి గూళ్లు వేలాడడం మొదలవుతుంది. గత వానాకాలంలో ఒకనాడు అస్ర్ నమాజు తరువాత, నా వద్ద ఖుర్ఆన్ చదువుకునే పదకొండేళ్ల పిల్లవాడొకడు దోసిట్లో ఒక చిన్న పిట్టను పెట్టుకొని వచ్చాడు. ఉండేలు దెబ్బకు పడిన పిట్ట. ఇంకా ఊపిరి ఉంది.

“హజ్రత్, దీన్ని జబహ్ చేస్తే హలాలేనా?” అని అడిగాడు.

నేను వేరొక పిల్లవాడి పాఠం వింటున్నాను. ఒక్క చూపు చూసి, “పిచ్చుకే కదా, హలాలే” అన్నాను. వాడు వెళ్లిపోయాడు.

మరునాడు వాడే వచ్చి, “హజ్రత్, అది పిచ్చుక కాదు, రండి చూపిస్తాను” అంటూ నన్ను ఏటి గట్టుకు తీసుకువెళ్లాడు. పొట్టి ఈతచెట్టు మట్టకు ఒక గూడు వేలాడుతున్నది. లోపలి నుంచి పిల్లల అరుపులు సన్నగా వినిపిస్తున్నాయి. వాడు కొట్టింది ఆ గూటి తల్లిని. పక్క మట్టమీద పసుపు తల గల మగ గిజిగాడు ఇంకొక గూడు అల్లుకుంటున్నది. “అది వీటి అబ్బాయే కదా హజ్రత్, మేత ఎందుకు పెట్టదు?” అని అడిగాడు. మా ఇళ్లలో తండ్రిని అబ్బా అంటారు; పక్షికి కూడా వాడు ఆ మాటే వాడాడు. నా వద్ద జవాబు లేదు. ఆ మరునాడు మేము వెళ్లేసరికి గూటిలో చప్పుడు లేదు.

ఫిఖ్‌హ్ ప్రకారం నేను చెప్పిన మాట తప్పు కాదు. గిజిగాడు గింజలు తినే పక్షి; గోళ్లతో వేటాడేది కాదు. అయితే నేను ఆ పిట్టను చూడకుండానే దానికి పేరు పెట్టాను, ఆ పేరుమీద తీర్పు చెప్పాను. ముప్ఫై ఏళ్లుగా బోధిస్తున్నవానికి ఇది చిన్న తప్పు కాదు. ఈ నెల ఈ శీర్షికలో డాక్టర్ సలీం అలీ గారిని గురించి రాయాలని నాకు తోచడానికి కారణం ఇదే. ఆయన జీవితం సరిగ్గా ఇలాంటి ప్రశ్నతోనే మొదలయింది.

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో, సులైమానీ బోహ్రా కుటుంబంలో జన్మించారు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్ల వయసులో తల్లి పోయారు. అనాథలైన ఆ పిల్లలను మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ, ఆయన భార్య హమీదా బేగం తమ ఇంట పెంచారు. వారికి స్వంత సంతానం లేదు. యతీములను ఆదరించిన ఇళ్ల గురించి మనం ఎన్నో ప్రసంగాలు వింటాము. ఆ ఇంటి ఆదరణ దేశానికి ఏమి ఇచ్చిందో చూడండి.

పదేళ్ల వయసులో సలీం బొమ్మ తుపాకీతో ఒక పిచ్చుకను కొట్టాడు. అంతకు ముందు కొట్టిన పిచ్చుకలను జబహ్ చేసి వండించుకొని తిన్నవాడే. కాని ఈ పిట్ట గొంతు మీద పసుపుపచ్చ మరక ఉంది. ఇది ముస్లిం తినదగినదేనా అన్న సందేహంతో మేనమామ వద్దకు తీసుకువెళ్లాడు. అమీరుద్దీన్ గారికీ ఆ పిట్ట ఏదో తెలియలేదు. తెలియదు కనుక ఊహించి చెప్పలేదు. తాను సభ్యుడిగా ఉన్న బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ గౌరవ కార్యదర్శి మిల్లర్డ్ దొర పేర ఒక పరిచయ లేఖ రాసి ఇచ్చి పిల్లవాణ్ని పంపారు. తెలియనిదానిని తెలిసినవారిని అడగమన్న దివ్య ఖుర్ఆన్ బోధను మనం తరచు ప్రస్తావిస్తాము. ఆచరణలో అది ఎంత సాదాగా ఉంటుందో ఆ ఉత్తరం చూపుతుంది.

మిల్లర్డ్ ఆ పిల్లవాణ్ని కసిరి పంపలేదు. అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పి, బీరువాల సొరుగులు ఒక్కొక్కటీ లాగి, భద్రపరచిన వందలాది పక్షులను చూపించాడు. చదువుకోవడానికి పుస్తకాలు ఇచ్చాడు. ఎనభై ఏళ్ల తరువాత, 1985లో, సలీం అలీ తన ఆత్మకథకు ‘ది ఫాల్ ఆఫ్ ఎ స్పారో’ అనే పేరు పెట్టుకున్నది ఆ పిచ్చుకను తలచుకొనే.

మధ్యలో దారి సాఫీగా సాగలేదు. కుటుంబ వ్యాపారం కోసం బర్మా వెళ్లారు. తిరిగి వచ్చి జంతుశాస్త్రం చదివారు. 1918లో తహ్‌మీనా బేగంతో నికాహ్ జరిగింది. ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో ఉద్యోగం దొరికింది. అది చేస్తూనే బెర్లిన్ వెళ్లి ఎర్విన్ స్ట్రెసెమాన్ అనే పండితుని వద్ద పక్షిశాస్త్రం అభ్యసించారు. 1930లో తిరిగి వచ్చేసరికి, డబ్బు లేదన్న కారణంతో ఆ ఉద్యోగమే తీసివేశారు. ముప్ఫై మూడేళ్ల వయసు, చేతిలో పని లేదు. భార్యాభర్తలు బొంబాయి ఎదుటి తీరాన కిహిం అనే పల్లెకు చేరుకున్నారు.

మా పిల్లవాడి ప్రశ్నకు జవాబు ఆ పల్లెలో ఉంది. ఇంటి దగ్గర చెట్లమీద గిజిగాళ్లు గూళ్లు కడుతుంటే సలీం అలీ నెలల తరబడి వాటి ఎదుట కూర్చొని చూశారు. ఆయన కనుగొన్నది ఇది: గూడు అల్లేది మగపక్షి మాత్రమే. సగం కట్టిన గూళ్లను ఆడపక్షులు వచ్చి పరీక్షిస్తాయి. నచ్చిన గూటిని ఒక ఆడపక్షి స్వీకరించిన తరువాతనే మగది దానిని పూర్తి చేస్తుంది. అది పూర్తి కాగానే మరొక గూడు మొదలుపెట్టి, మరొక ఆడపక్షిని పిలుస్తుంది. గుడ్లు పొదగడం, పిల్లలకు మేత పెట్టడం దాదాపుగా తల్లి ఒక్కదాని బాధ్యతే. (ఈ మాట చెప్పగానే మా తరగతిలో పెద్దపిల్లలు నవ్వారు. మనిషికి భార్యల మధ్య న్యాయం విధి అనీ, పక్షికి అలాంటి బాధ్యత లేదనీ చెప్పవలసి వచ్చింది.) అంటే ఉండేలు దెబ్బ తిన్నది తల్లి అయితే, ఆ గూటి పిల్లలకు మేత తెచ్చే దిక్కు లేదు. ఈ సంగతిని 1931లోనే సొసైటీ పత్రికలో ఆయన ప్రచురించారు. నేను తొంభై ఏళ్లు ఆలస్యంగా తెలుసుకున్నాను.

ఒక ప్రయాణంలో సహాబాలు ఒక పక్షి రెండు పిల్లలను తీసుకోగా, తల్లి రెక్కలు చాచి వారి మీద అల్లాడడం చూసి, ఎవరు దానిని బాధపెట్టారని అడిగి, పిల్లలను తిరిగి ఇప్పించిన దైవప్రవక్త (స) వృత్తాంతం అబూ దావూద్ గ్రంథంలో ఉంది. దానిని ఎన్నిసార్లు పాఠంగా చెప్పానో లెక్క లేదు.

తరువాత సలీం అలీ సంస్థానాలకు ఒక ప్రతిపాదన పంపారు: ఖర్చులు మాత్రం భరించండి, జీతం లేకుండా మీ రాజ్యంలోని పక్షులన్నిటినీ సర్వే చేసి ఇస్తాను అని. 1931–32లో నిజాం హైదరాబాదు రాజ్యంలో అలా పనిచేశారు. నేటి తెలంగాణలోని అడవులకు తొలి పద్ధతైన పక్షుల జాబితాలలో అది ఒకటి. తహ్‌మీనా బేగం ఆ డేరాలలో ఆయనతోనే ఉన్నారు. 1939లో ఆమె ఒక చిన్న శస్త్రచికిత్స తరువాత మరణించారు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1941లో ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’, 1968–74 మధ్య డిల్లన్ రిప్లేతో కలిసి పది సంపుటాల మహాగ్రంథం వెలువడ్డాయి. పద్మవిభూషణ్, రాజ్యసభ సభ్యత్వం వచ్చాయి. 1987 జూన్ 20న తొంభై ఏళ్ల వయసులో కన్నుమూశారు.

నమాజు, ఇబాదత్‌ల విషయంలో ఆయన మనకు ఆదర్శమని నేను చెప్పలేను. ఆ దూరాన్ని ఆయన స్వయంగా తన ఆత్మకథలో దాచుకోలేదు. దాని లెక్క అల్లాహ్ వద్ద ఉంది. ఆయన తుపాకీ కూడా నిజమే. శాస్త్రం కోసం వేలాది పక్షులను సేకరించిన కాలపు మనిషి.

ఆయన పొరబాటు కూడా ఒకటి చెప్పాలి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడినేలలను ఎండగట్టి పొలాలు చేయకుండా కాపాడడంలో ఆయన కృషి పెద్దది. అయితే 1982లో అక్కడ పశువుల మేతను నిషేధించినప్పుడు ఆయన సమర్థించారు. చుట్టుపక్కల గ్రామస్తులకు, పోలీసులకు ఘర్షణ జరిగి ప్రాణాలు పోయాయి. తీరా సొసైటీవారే సంవత్సరాల పాటు సాగించిన అధ్యయనంలో తేలినదేమిటి? గేదెలు మేయడం ఆగిపోగానే గడ్డి విపరీతంగా పెరిగి నీటిని కప్పివేసింది. నీటిపక్షులకు చోటు తగ్గింది. ఆ గేదెలను తోలుకువెళ్లేవారిని ముందే అడిగి ఉంటే ఏమయ్యేదో!

అడిగితే ఏమవుతుందో మన రాష్ట్రంలోనే తెలిసింది. కలివికోడి అనే పక్షిని పంతొమ్మిదో శతాబ్దంలో జెర్డన్ అనే సైనిక వైద్యుడు లోకానికి పరిచయం చేశాడు. 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించిన తరువాత దాని జాడ లేదు. పండితులు వెదికి వెదికి, అంతరించిందనుకున్నారు. సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లాలో పక్షి బొమ్మలు పట్టుకొని పల్లెల్లో అడుగుతూ తిరిగారు. ఒక స్థానిక పక్షులవేటగాడు బొమ్మను గుర్తుపట్టాడు. అది రాత్రిపూట తిరిగే పక్షి. పగలు వెదికినవారికి ఎలా దొరుకుతుంది? 1986 జనవరిలో ఒక రాత్రి అతడు దానిని ప్రాణంతో పట్టి తెచ్చాడు. ఎనభై ఆరేళ్ల నిశ్శబ్దం ముగిసింది. పట్టిన పక్షి మాత్రం కొద్ది రోజులకే చనిపోయింది. ఆ పొదల అడవి శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమయింది. తెలుగుగంగ కాలువ దారిని సైతం దానికోసం మార్చవలసి వచ్చింది. అయినా కలివికోడి నేటికీ ప్రపంచంలో అత్యంత ప్రమాదంలో ఉన్న పక్షులలో ఒకటి.

మన ఉత్తరాంధ్రను వదలకూడదు. విశాఖ కనుమలలో పక్షులను పరిశీలించిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు పేరు మన పిల్లలలో ఎంతమందికి తెలుసు? పొదలలో దాగి తిరిగే అబాట్స్ బాబ్లర్ అనే గోధుమరంగు పిట్టకు ఈ కనుమలలో ఒక ప్రత్యేక ఉపజాతి ఉందని గుర్తించి, 1985లో రిప్లే, బీలర్ అనే శాస్త్రజ్ఞులు దానికి ఆయన పేరే పెట్టారు.

శీతాకాలం మొదట్లో మా పిల్లలను టెక్కలి దగ్గరి తేలినీలాపురం తీసుకువెళ్లాను. ఊళ్లోని చెట్లమీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గుంపులుగా గూళ్లు కట్టి ఉన్నాయి. ఇవి సైబీరియా నుంచి వస్తాయని అందరూ చెబుతారు, నేనూ చెప్పేవాణ్ని. కాదు. ఈ గూడబాతు దక్షిణ, ఆగ్నేయాసియా పక్షి; మన దేశంలోనే చోటు మారుతూ తిరిగి, గుడ్లు పెట్టడానికి ఈ ఊరు వస్తుంది. అవి వస్తే ఊరికి మేలు అని గ్రామస్తుల నమ్మకం. శకునాలను మనం నమ్మము. కాని వాకిట్లో రెట్ట, నెత్తిమీద గోల భరిస్తూ, గూటినుంచి పడిన పిల్లను తీసి చూసుకునే ఆ ఇళ్లవారి ముందు ఆ సంగతి వాదించాలని నాకు అనిపించలేదు.

ఆ ఉండేలు పిల్లవాడు ఒక ముసలమ్మ పక్కన కూర్చొని, “నానమ్మా, వీటికి మేత తెచ్చేది తల్లేనా, తండ్రి కూడానా?” అని అడిగాడు. ఆమె చెట్టువైపు చూసి, “ఇద్దరూను బాబూ, ఒకటెళ్తే ఒకటుంటాది” అంది. వాడు తన అరబిక్ అభ్యాస పుస్తకం వెనక పేజీలో ఆ మాట రాసుకున్నాడు. ఇంటికి వచ్చిన తరువాత చూశాను: దానిపైనే, తేదీ వేసి, గిజిగాడు అని, కింద మూడు అడ్డగీతలు ఉన్నాయి. ఆ గీతలు ఎందుకని నేను అడగలేదు.