గడియ ఎవరు పెట్టారమ్మా?

మా సైదాబాద్‌లో ఏ ఇంట దొంగ పడ్డా మొదటి ప్రశ్న ఒకటే: "రాత్రి గడియ ఎవరు పెట్టారమ్మా?" జవాబు చెప్పుకోవలసింది కోడలే! ఆఫీసుల్లోనూ ఇదే వరస. మొన్న మా పక్కింటావిడ కోడలి ఆఫీసులో కంప్యూటర్లన్నీ మొరాయించాయి. విచారణైనా లేకుండా "ఏ పాడు మెయిలో తెరిచుంటావు" అని అందరూ ఆ పిల్ల మీదే పడ్డారు.

ఆ పెద్దమనుషులకు 2017 గుర్తులేదు కాబోలు. ఆ ఏడు మే 12న వానాక్రై అనే పురుగు ప్రపంచమంతా పాకింది. ఫైళ్ళకు తాళం వేసి డబ్బడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లనూ వదల్లేదు. మెయిలు ఎవరూ తెరవక్కర్లేదు. విండోస్‌లోని ఓ కంతలోంచి ఒక యంత్రం నుంచి ఇంకోదానికి తనే దూరింది. ఆ కంత పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. నెట్‌వర్క్ చూసే అధికారి కుర్చీలోంచి లేవకుండా వందల యంత్రాలకు పంపొచ్చు. ఆ అధికారం గుమాస్తా పిల్లకెక్కడిది?

తొందరపడి పంపితే యంత్రాలే ఆగిపోతాయంటారు. నిజమే, 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ వారి తప్పుడు అప్‌డేట్ పుణ్యమా అని శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అయితే ముందు నాలుగు యంత్రాల మీద పరీక్షించుకోండి. దానికి నెలలు కావాలా?

తాళాలగుత్తి బొడ్లో దోపుకున్నవాళ్ళు మీరు, దోషి ఆ పిల్లానా? "ఆఖరి అప్‌డేట్ ఏ తేదీన పంపారు సార్?" అని అడిగి రమ్మన్నాను. సోమవారం అడుగుతుందట.